గీత తప్పిన గళ్లు

“నా ఫోను ఎవరు ముట్టుకున్నారు?”

ఇంట్లో అందరూ టకటక అని పిలిచే పిల్ల హాలు మధ్యలో నిలబడి అడిగింది. చెప్పులు కూడా విప్పలేదు. ఛార్జింగులోంచి పీకిన ఫోనును రెండు చేతులతో పట్టుకుని గుడ్లప్పగించి చూస్తోంది.

వంటింట్లో తల్లి గరిటె చప్పుడు ఆగిపోయింది. కిటికీ దగ్గర మేనత్త కుట్టుమిషను మాత్రం ఆగలేదు. పడక్కుర్చీలో ఉన్న తండ్రి, డ్రమ్మరు, పేపరును ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కుడి చేతికి కట్టు, ఆ కట్టు కింద దిండు. ఎడమ చేత్తో పేపరు పట్టుకుని చదవడం కష్టమే. అయినా కూతురి ఫోను సంగతి వచ్చినప్పుడల్లా అతనికి ఎక్కడలేని లోకవార్తలూ కావాలి.

“నేనే ముట్టుకున్నా,” అంది అత్త. “దానికంత గొంతెందుకు? పాడు చేయలేదులే. సరిచేశా.”

“ఏం సరిచేశావత్తా?”

“అదే, నీ డ్రమ్ముల గళ్లు. ఆ మధ్య వరసలో ఒక్కటైనా గీత మీద ఉందా? చూస్తుంటే కళ్లు తిరిగాయి. సాయంత్రం ఆ పాటలావిడొచ్చి చూస్తే ఏమనుకుంటుంది? ఈ ఇంట్లో ఒక్కరికీ తిన్నగా పెట్టడం రాదనుకోదూ? అందుకే నువ్వు షాపుకెళ్లి సెలవు చెప్పొచ్చేలోపు కూర్చుని ఒక్కోటీ గీతకి చేర్చా. మెడ పట్టేసింది. చివర్లో సేవ్ చెయ్యాలా అని అదే అడిగింది. చెయ్యమన్నా.”

వీధిలో సగం కిటికీలకు తెరలు కుట్టేది ఈ అత్తే. గోడ మీద క్యాలెండరు కాస్త పక్కకు వాలినా ఆవిడకు ముద్ద దిగదు. అలాంటి మనిషి మోచేతి పక్కన గీత తప్పిన గళ్లున్న ఫోను వదిలి వెళ్లడం టకటక చేసిన పొరపాటే.

టకటక ఉన్నచోటే నేల మీద చతికిలబడింది.

“ఇంకేముంది, కొంప మునిగింది,” అంది మెల్లిగా.

ఆ ఫోనులో ఉన్నది డ్రమ్ సీక్వెన్సర్ యాప్. తెర నిండా గళ్ల వరసలుంటాయి. ఒక వరస కాలి డ్రమ్ముకు, ఒకటి ముందుండే చిన్న స్నేర్ డ్రమ్ముకు, ఇంకొకటి సింబల్ పళ్లేలకు. ఏ గడి వెలిగిస్తే అక్కడ ఆ దెబ్బ పడుతుంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే ఈ పిల్ల, తండ్రి స్టేజీ మెట్ల మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచి దాన్ని పట్టుకుని కూర్చుంది. బృందాన్ని నడిపే గాయని ఇవాళ సాయంత్రం వచ్చి వింటానంది. ఆవిడకు నచ్చితే తండ్రి చెయ్యి బాగయ్యేదాకా ఈ ఫోనే ఆ లోటు తీరుస్తుంది. నచ్చకపోతే ఇంకో డ్రమ్మరు సిద్ధంగా ఉన్నాడు. అతను ఆ సీట్లో కూర్చున్నాక మళ్లీ లేస్తాడన్న ఆశ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇదంతా డ్రమ్మరుకు తెలుసు. తెలిసే, “డబ్బాతో వాయించుకునే గతి నాకింకా పట్టలేదు” అని పోయిన ఆదివారం తేల్చి చెప్పాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. కూతురు ఫోను తీసినప్పుడల్లా బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఒక్క దెబ్బ చెవిన పడనివ్వలేదు.

ఇప్పుడా డబ్బా దానంతటదే పాడైంది. పీడా పోయిందనుకోవాలి. కానీ మోకాళ్లు చుట్టుకుని నేల మీద కూర్చున్న కూతుర్ని చూస్తూ అలా అనుకోవడం అతనికి చేతకాలేదు.

“గీత మీదుంటే నష్టమేంటే?” అంది అత్త, ఇప్పుడు కాస్త బెరుగ్గా. “తిన్నగా ఉంటేనేగా తాళం.”

“అవి వంకరగా పెట్టినవి కావత్తా. నాన్న చెయ్యి అది.”

పేపరు కిందికి దిగింది.

“నాన్న వాయించిన పాత రికార్డింగులన్నీ విన్నా. స్నేరు ఎక్కడ పడుతోందో చూసి, అక్కడికి ఒక్కో గడినీ జరిపా. నాన్న గీత మీద కొట్టడు. చిటికెడు ఆగి కొడతాడు. అది లేకపోతే అది నాన్న వాయించినట్టుండదు.”

“ఎవరు ఆగి కొట్టేది?” అన్నాడు డ్రమ్మరు.

ఆదివారం తర్వాత కూతురితో అతను మాట్లాడిన మొదటి మాట అదే.

“నువ్వే నాన్నా.”

“నేనా?”

“నువ్వే. కాలూ సింబలూ సరిగ్గా టైముకి వస్తాయి. స్నేరొక్కటే వెనకపడుతుంది.”

“గోడ గడియారం తప్పుతుందేమో గానీ నా చెయ్యి తప్పదు. ఎవర్నైనా అడుగు. పదిమంది వాయిస్తుంటే, తాళం పోయినవాడు నా వైపు చూసి సర్దుకుంటాడు. అలాంటి నేను వెనకపడతానా? ఆ డబ్బా చెప్పిందా నీకు?”

“నా చెవి చెప్పింది.”

“అయితే వెళ్లి చెవి చూపించుకో.”

డ్రమ్మరుకు ఒళ్లు మండిపోతోంది. అతని మెతుకు, అతని మర్యాద, అతని గర్వం అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడ్డాయి. టైము తప్పని మనిషి అని. ఇప్పుడు సొంత కూతురు నేల మీద కూర్చుని కాదంటోంది.

“వెనకపడతారు,” అంది తల్లి వంటింటి గుమ్మంలోంచి.

“నీకేం తెలుసని?”

“కొత్తలో మీ ప్రోగ్రాముకి తీసుకెళ్లారు గుర్తుందా? నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. చూస్తే అందరి దెబ్బా పడ్డాక, ఓ చిటికె ఆగి మీది పడేది. పాపం ఈయనకి సరిగా రాదు కాబోలు, ఇవాళో రేపో తీసేస్తారు అని నాకు ఒకటే దిగులు. తర్వాత జనాన్ని చూశా. అందరూ మీ దెబ్బ కోసమే కాసుక్కూచుని, అది పడ్డాకే కాలు కదుపుతున్నారు.”

“మరి ఇన్నేళ్లూ చెప్పవేం?”

“చెబితే సరిచేసుకుంటారేమోనని.”

అత్త కుట్టుమిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. నెలంతా అతుక్కుపోయినట్టుండే ఆ చప్పుడు ఆగేసరికి హాలు బోసిపోయింది.

“పెట్టు,” అన్నాడు డ్రమ్మరు.

“ఏం పెట్టను?”

“అక్క సరిచేసింది పెట్టు. తిన్నగా కొడితే ఎలా ఉంటుందో నేను చెప్తా మీ అందరికీ.”

టకటక ఫోనును చిన్న స్పీకరుకు తగిలించి, బల్ల మీద పెట్టి, వేలితో తాకింది.

పాట అతనికి కొట్టిన పిండే. కళ్లు మూసుకున్నాడు. అలవాటుగా కుడి మడమ లేచింది. కాలి డ్రమ్ము, స్నేరు, కాలు, స్నేరు. ఏ దెబ్బా తడబడలేదు. అన్నీ చెప్పిన చోట చెప్పినట్టు పడుతున్నాయి. భేష్ అందామనే నోరు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. అత్త మొహం కూడా కాస్త వెలిగింది.

మొదటి చరణం దాటకముందే అతని మడమ ఆగిపోయింది. మళ్లీ కదపబోయాడు. కదల్లేదు. కాలికి నచ్చని సంగతి నోటితో ఒప్పుకోవడానికి ఇంకో చరణం పట్టింది.

“ఎలా ఉంది తమ్ముడూ?” అంది అత్త ఆశగా.

“లెక్క బాగానే ఉందక్కా,” అన్నాడు. “పాటే లేదు.”

అత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆవిణ్ణి ఓదార్చే తీరిక ఎవరికీ లేదు.

“మళ్లీ జరపలేవూ?” అని తల్లి అడిగింది.

“ఎంత జరిపానో ఎలా గుర్తుంటుందమ్మా? విని, జరిపి, మళ్లీ విని, మళ్లీ జరిపి చేసింది. సాయంత్రంలోపు అయ్యే పని కాదు.” టకటక ఏడవలేదు. పెదవి బిగబట్టి తల పైకెత్తింది. మొండితనం వస్తే ఆ పిల్ల మొహం తండ్రి మొహమే.

డ్రమ్మరు దిండు పక్కన పెట్టి లేచాడు. బల్ల దగ్గరికి వచ్చి ఫోను వైపు ఎగాదిగా చూశాడు.

“ఇందులో చేత్తో కొడితే ఎక్కదా?”

“ఎక్కుతుంది. ఇక్కడ తడితే ఎక్కడ తట్టామో అక్కడే గడి పడుతుంది. కానీ నాన్నా, నీ చెయ్యి...”

“విరిగింది కుడిది. స్నేరు కొట్టేది ఏ చేత్తో?”

టకటక తలెత్తి చూసింది. తల్లి చూసింది. అన్నాళ్లుగా ఇంటిల్లిపాదీ ఆ కట్టునే చూస్తూ కూర్చున్నారు తప్ప, దాని పక్కన ఎడమ చెయ్యి ఒకటి ఏ దెబ్బా తగలకుండా ఖాళీగా ఉందని ఒక్కరికీ తట్టలేదు. అతనికీ తట్టలేదు.

వెంటనే బల్ల ఖాళీ అయింది. మొదటిసారి డ్రమ్మరు వేళ్లు మడిచి మనస్ఫూర్తిగా ఒక్కటిచ్చాడు. ఫోను బల్ల మీంచి జారి, పక్కన వచ్చి కూర్చున్న తల్లి ఒళ్లో పడింది.

“గట్టిగా కొడితే గట్టిగా వినపడదు నాన్నా. అద్దం పగులుతుంది, అంతే.”

“ఇదేం వాయిద్యమే, దెబ్బ తినలేనిది?”

“చంటిపిల్లని జోకొడతామే, అలా తట్టు.”

“నిన్ను అలా తడితే ఎప్పుడైనా నిద్రపోయావా? పైగా నా చెయ్యి ఆపి నువ్వే తట్టేదానివి. టకటక అనే పేరు ఊరికే వచ్చిందా?”

అత్త గబగబా తెరగుడ్డ ముక్క ఒకటి నాలుగు మడతలు వేసి ఫోను కింద పరిచింది. ఇక జారదు. తప్పు చేసినందుకు ఆవిడ కట్టిన పరిహారం అది.

రెండోసారి తట్టినప్పుడు వేళ్లు తొందరపడ్డాయి. ఆ తర్వాత అతను తెర చూడటం మానేశాడు. కాలి డ్రమ్మును చెవికెక్కించుకున్నాడు. మడమ లేచింది. అప్పుడు తట్టాడు. చరణం మొత్తం, ఆపకుండా, రెండు వేళ్లతో.

పాట ఆగాక టకటక తెరను అతని వైపు తిప్పింది.

తెర మీద కాలి డ్రమ్ము గళ్లు నిలువు గీతల మీద తిన్నగా ఉన్నాయి. వాటి కింద స్నేరు వరస. అందులో ప్రతి గడీ గీత దాటి, కాస్త కుడికి జరిగి ఉంది. ఒక్కటి కూడా గీత మీద లేదు. ఇంత వయసొచ్చాక డ్రమ్మరు తన దెబ్బను మొదటిసారి కళ్లతో చూశాడు.

“ఇదేంటి,” అన్నాడు. “నిజంగానే మరీ ఇంత...”

అత్త కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. ఒక్కో గడి పక్కన గోరు ఆనించి కొలత చూస్తూ వరస చివరిదాకా వెళ్లింది.

“ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు,” అంది. “అన్నీ ఒకే కొలత తప్పాయి. తప్పైతే ఇలా రాదు తమ్ముడూ. ఇది కావాలని పెట్టిన అంచే. నాకు చదవడం రాక విప్పేశా.”

తప్పనిపించుకున్న మనిషి పోయి, తన గొప్ప తనకే తెలియని మనిషి ఆ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఛాతీ దానంతటదే నిండింది. “ఇంకో చరణం పెట్టు,” అన్నాడు.

తట్టిన దెబ్బలన్నీ సర్దమంటారా అని యాప్ అడిగింది. టకటక వద్దంది. అత్త రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నానికి పాట పూర్తయింది. మొదటి నుంచి విందాం అన్నాడు డ్రమ్మరు. ఆఖరి చరణానికి ముందు, ఎప్పుడూ తను డ్రమ్ములన్నీ గిరగిరా చుట్టి వచ్చే చోట, ఫోను ఉన్నట్టుండి మూగబోయింది. స్నేరు లేదు. సింబల్ లేదు. ఏదో టప్‌మన్న చప్పుడొకటి, మళ్లీ ఖాళీ, మళ్లీ రెండు టప్పులు.

“ఇదేంటి?”

“అది తీసేస్తాలే నాన్నా. ఊరికే చేసి చూశా. వేరే పేజీలో ఉంది, అందుకే అత్తకి కనపడలేదు.”

“ఏంటా చప్పుడని అడుగుతున్నా.”

“కళ్లజోడు డబ్బా మూత,” అంది టకటక సిగ్గుపడుతూ. “షాపులో పొద్దస్తమానం వినేది అదే. రికార్డు చేసి పెట్టా.”

“డ్రమ్ముల్లో కళ్లజోడు డబ్బా ఏంటే?”

“నా దగ్గరున్నది అదేగా.”

మళ్లీ పెట్టమన్నాడు. కోప్పడటానికే పెట్టమన్నాడు. తను అంత సందడి చేసే చోట ఈ పిల్ల ఏమీ చేయకుండా వదిలేసింది. ఆ ఖాళీలో టప్‌మన్న ఆ ఒక్క చప్పుడు ఎప్పుడు పడుతుందో తెలియక అతని ఒళ్లంతా ముందుకు వంగింది. అది పడింది. తను అనుకున్న చోట కాదు. తను అనుకున్న దానికంటే మంచి చోట.

ఇది నేను నేర్పలేదు, అనుకున్నాడు. నాకు రాదు కూడా. ఆ రెండో మాట అతనికి నొప్పిగా తగలాలి. తగల్లేదు. కూతురి తల మీద చెయ్యి వేద్దామనిపించింది. వేస్తే ఏం మాట్లాడాలో తెలియక మానుకున్నాడు.

“ఉండనీ,” అన్నాడు.

చెప్పిన వేళకే గాయని వచ్చింది. భుజం మీది సంచీ దించకుండానే కుట్టుమిషను దగ్గరి స్టూలు లాక్కుని కూర్చుని, “వినిపించండి అన్నయ్యా, మళ్లీ ఫంక్షన్ హాలుకెళ్లాలి,” అంది. ఆవిడ బృందం పెట్టిన మొదటి రోజు నుంచి డ్రమ్మరు ఆవిడ వెనకే కూర్చున్నాడు. వాళ్లిద్దరి మధ్య మొహమాటాల్లేవు.

టకటక వేలితో తాకింది. మొదటి చరణం సగంలోనే గాయని నవ్వింది.

“ఇంకెవరిదో అని చెప్పినా నమ్మను. ఇది మీ చెయ్యే. వీపుతో వినే దెబ్బ నాకు తెలీదా?”

డ్రమ్మరు మీసం సర్దుకున్నాడు. తల్లి గుమ్మంలోంచి అతన్ని చూసి మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది.

ఆఖరి చరణానికి ముందు ఆ ఖాళీ వచ్చింది. గాయని నవ్వు ఆగిపోయింది. పాట అయిపోయేదాకా కదల్లేదు. అయ్యాక సంచీ దించి కింద పెట్టింది.

“ఆ ముక్క మళ్లీ పెట్టమ్మా.”

టకటక పెట్టింది. ఆవిడ ఇంకోసారి అడిగింది. మళ్లీ పెట్టింది.

“ఇదెవరు చేశారు?”

టకటక తండ్రి వైపు చూసింది. ఇద్దరం కలిసి, అని చెప్పేయడానికి నోరు తెరిచింది. ఆ పిల్ల అలాంటి పనే చేస్తుందని అతనికి తెలుసు.

“నా కూతురు,” అన్నాడు డ్రమ్మరు. “ఆ ముక్క మొత్తం తనదే. నేను వేలు కూడా పెట్టలేదు.” ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు ప్రోగ్రాముల్లో మైకులో చెప్పినంత బిగ్గరగా వచ్చింది.

గాయని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“ఉన్నమాట చెప్తా, ఏమీ అనుకోకండి. మీ చెయ్యి బాగయ్యేదాకా ఏదో ఒకటి నెట్టుకొద్దామని వచ్చా. ఇప్పుడు సంగతి మారింది. చెయ్యి బాగయ్యాక కూడా నాకు ఈ అమ్మాయే కావాలి.”

తల్లి చేతిలో టీ కప్పులున్న పళ్లెం అలాగే ఉండిపోయింది. అత్త తమ్ముడి వైపు చూసే ధైర్యం లేక నేల చూపులు చూసింది. పొద్దున తను గళ్లు ముట్టుకోకపోతే ఇంతదాకా వచ్చేదా అని ఆవిడ బాధ.

డ్రమ్మరుకు ముందు కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. ఆ రెంటినీ తోసుకుంటూ ఇంకోటి వచ్చింది. అది గర్వమని తెలియడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. తన దెబ్బను పొగిడినప్పుడు కూడా అది ఇంతగా నిండలేదు.

“డ్రమ్ముల దగ్గర నా స్టూలు ఎత్తు తగ్గించాలి,” అన్నాడు. “నా కాళ్ల కొలతకి పెట్టుకున్నది. దీని కాళ్లు నేలకానవు.”

అది అతను ఒప్పుకోవడమని అర్థమయ్యాక గాయని కళ్లు చెమర్చాయి. తల్లి పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

“నేనింకా వస్తాననలేదు,” అంది టకటక.

అందరూ అటు తిరిగారు. పొద్దున నేల మీద కూలబడిన పిల్లేనా అన్నట్టు నిలబడి ఉంది. తల పైకెత్తి, పెదవి బిగించి.

“వస్తే నాన్న దెబ్బ తీసేస్తా. ఇన్నాళ్లూ కొలిచి కొలిచి పెట్టా. ఇవాళ నాన్న తడుతుంటే పక్కనుండి చూశా. అది కొలిచి పెట్టుకునేది కాదు. అది ఆయన కొడితేనే ఆయనది. నేను ఫోన్లో దాచుకుని ఊళ్లు తిప్పితే దొంగసొమ్మే. నేను వస్తే నాదే కొడతా. బాగున్నా, బాగోకపోయినా.”

గాయని డ్రమ్మరు వైపు చూసింది.

సీటు ఇచ్చేయడం వేరు. ఆ సీట్లో కూతురు కూర్చున్నా పాటలో తన దెబ్బ పడుతూనే ఉంటుందని, మడమ లేపి వినడానికి అది చాలునని అప్పటికప్పుడు సర్దిచెప్పుకున్నాడు. ఈ పిల్ల దాన్ని కూడా తీసి పక్కన పెట్టేసింది. పెట్టిన తీరులో వంక పెట్టడానికి లేదు. ఆ వయసులో తనైనా ఆ మాటే అనేవాడు. అనడానికి ఇంత దమ్ముండేదో లేదో.

దగ్గరికి వెళ్లి కూతురి ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి.

“మరి నా చెయ్యి? అదెక్కడ కొట్టాలే?” అన్నాడు.

ఇన్నేళ్లలో అతను ఎవరినీ అలా అడగడం వాళ్లెవరూ చూడలేదు. గాయని ఏదో చెప్పబోయింది. డ్రమ్మరు ఎడమ చెయ్యెత్తి ఆపాడు. అతను అడిగింది ఆవిణ్ణి కాదు.